మడి వైరు

"ఆక్సిజన్ అక్కర్లేదు."

పదకొండు కావస్తుండగా వచ్చిన ఆ మెసేజీని ప్రమోద ముందు నిలబడి చదివింది, తర్వాత కూర్చుని చదివింది, ఆ పైన వంటింట్లోకి పరిగెత్తి, చారులో పోపు వేస్తున్న అత్తగారి చెవి దగ్గర గట్టిగా చదివింది. బర్మా భాషలో ఉన్న నాలుగు ముక్కలే అవి. మూడు రోజుల రీడింగులూ చూశాను, తొంభై ఆరు కంటే తగ్గలేదు, ఆక్సిజన్ అక్కర్లేదు, సిలిండరు కోసం క్యూలో నిలబడకండి అని.

అచ్చమ్మ గరిటె గట్టు మీద పెట్టి, రెండు చేతులూ ఎత్తి పైకప్పుకి దండం పెట్టింది. ఈలోగా పోపు మాడిపోయింది. ఆ ఇంట్లో పోపు మాడితే ఎవరూ ఎవర్నీ ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

"మరైతే గుంటడ్ని పైకొచ్చేమన్నాదా?" అంది అచ్చమ్మ కళ్లు ఒత్తుకుంటూ.

"ఇంకా లేదత్తా. ఇంకో మెసేజుంది, ఆగు."

రెండో మెసేజీ కొంచెం పొడుగు. 'సాయంత్రం ఐదింటికి వీడియోలో చూస్తాను. మనిషి ఊపిరి తీసుకోవడం నా కళ్లతో చూస్తే గాని గదిలోంచి రమ్మని చెప్పలేను. ఈ రోజు తప్పితే మళ్లీ ఆదివారం దాకా నాకు ఖాళీ లేదు. ఇంకొకటి. మీరు మాట్లాడే లైను మీద వేరేవాళ్ల ఫోన్లు ఉండకూడదు. ఉంటే నేను మాట్లాడను.'

మొదటి మెసేజీ తెచ్చిన సంతోషం ఎక్కడికీ పోలేదు గాని, దాని పక్కన ఒక గడియారం వచ్చి కూర్చుంది. ఐదింటికి ఇంకా ఆరు గంటలుంది.

ప్రమోదకి పెళ్లై నలభై రోజులు. బర్మాలోని మింగళ తౌంగ్‌న్యున్‌ అనే పేటలో ఆ ఆరంతస్తుల మేడలో నాలుగో అంతస్తు ఆమె అత్తవారిల్లు. కింద వీధి మట్టాన వాళ్లదే పప్పులూ దినుసులూ అమ్మే కొట్టు. కొట్టు వెనక ఒక గది ఉంది. దాంట్లో చింతపండు బుట్టల మధ్య, పది రోజులుగా ఆమె మొగుడు సూరి ఒక్కడూ ఉంటున్నాడు. జూలైలో ఊరు ఊరంతా దగ్గుతున్నప్పుడు అతనికీ జ్వరం వచ్చింది. ముసలి తల్లి ఉన్న ఇంట్లో వద్దని, దుప్పటీ దిండూ చంకన పెట్టుకుని తనంతట తనే దిగిపోయాడు. పెళ్లయిన నలభై రోజుల్లో పది రోజులు నాలుగంతస్తుల దూరంలో గడిచిపోయాయి. ఆ లెక్క ప్రమోద ఎవరికీ చెప్పలేదు గాని, ఆమె మొహం చూసిన ఎవరికైనా అది తెలుస్తూనే ఉంది.

మెసేజీ పెట్టిన డాక్టరమ్మ పేరు వాళ్లకి తెలీదు. అందరూ బర్మా మాటలో 'సయామా' అంటారు, వీళ్లూ అదే అంటారు. ప్రభుత్వ ఆస్పత్రిలో పని మానేసి సమ్మెలో ఉన్న డాక్టరు. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కినప్పటి నుంచీ అలాంటివాళ్లు ఎందరో ఎక్కడెక్కడో తలదాచుకుని ఫోన్లలోనే వైద్యం చేస్తున్నారు. సయామాతో కలిసి పనిచేసిన ఇద్దరు పట్టుబడి, ఇప్పుడు జైలుండే ఇన్సేన్‌లో ఉన్నారు. ప్రమోద పుట్టిల్లు ఇన్సేన్‌లోనే, రైల్వే వర్క్‌షాపు వెనక. అయినా ఎవరైనా 'ఇన్సేన్‌లో ఉన్నారు' అంటే ఆమెకు పుట్టిల్లు గుర్తు రావడం మానేసి చాలా రోజులైంది.

కాబట్టి సయామా పెట్టిన షరతు న్యాయమైనదే. చిక్కల్లా ఎక్కడంటే, ఆ మేడ మొత్తానికి ఫైబరు లైను వీళ్లింట్లో ఒక్కటే ఉంది. మార్చిలో ఫోన్లలో నెట్టు పోయినప్పుడు, అడిగిన ఇంటికల్లా సూరి వైఫై పాస్‌వర్డు ఇచ్చేశాడు. ఎవరో పుణ్యాత్ములు దాన్ని మెట్ల గోడ మీద బొగ్గుతో రాసి కూడా పెట్టారు. ఇప్పుడు ఏడు కుటుంబాల ఫోన్లు ఆ రౌటరు మీదే బతుకుతున్నాయి. ఆ ఏడింట్లో రెండో అంతస్తువాళ్ల అల్లుడు వార్డు ఆఫీసులో గుమాస్తా. మంచివాడే. సూరికి జ్వరమని విని గుమ్మం ముందు నిమ్మకాయలు పెట్టి వెళ్లాడు. కాని మంచివాడి ఫోన్లో ఎవరేం పెట్టారో ఆ మంచివాడికి మాత్రం తెలుస్తుందా?

"అయితే అందర్నీ ఆపేత్తావా ఓ గంట?" అంది అచ్చమ్మ, మాడిన పోపు తీసి మళ్లీ ఆవాలు వేస్తూ.

"ఆపితే ఏడిళ్లవాళ్లూ తలుపు కొడతారు, ఎందుకాపేవని. అప్పుడేం చెప్పాల? అందుకే ఆపకుండా, ఒకే రౌటరు లోపల గోడలు కడతానత్తా. వీల్యాన్ అంతారు."

"ఏటే అది?"

"పెట్టె ఒక్కటే. లోపల మాత్రం వేరువేరు గదులు. ఈ గదిలో ఉన్నోళ్లకి ఆ గది ఒకటుందని కూడా తెలీదు. బావకి కిందకో వైరు లాగి, ఆ ఒక్క వైరునీ వేరే గదిలో పెడతాను. నెట్టు అందరికీ వస్తాది. ఒకల్ని ఒకలు ముట్టుకోలేరు."

అచ్చమ్మ పోపు మీద మూత పెట్టింది. "ఇంటినిండా మనుసులు తిరుగుతుంతారు. పూజ సేసుకున్న మనిసి మాత్రం తడిబట్ట కట్టుకుని, ఎవుల్నీ తగలకుండా, అదే ఇంట్లో తన పని తను సేసుకుంతాది. అలగా?"

కంప్యూటరు యూనివర్సిటీలో నాలుగేళ్లు చదివినా ప్రమోదకి ఈ సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. "అచ్చం అలాగే అత్తా!"

"అయితే మడి వైరు. అలగ సెప్పొచ్చు కదే, ఈ గోడలూ గదులూ ఎందుకు?"

ఆ రౌటరు ప్రమోద పుట్టింటి నుంచి తెచ్చుకున్నది; పాతదాని పాస్‌వర్డే దీనికీ పెట్టింది. అరచేతిలో పట్టేంత, ఎవరూ ఖాతరు చేయని చవక రకం. కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ని తీసేసి, ప్రపంచంలో ఎవరెవరో కలిసి రాసి అందరికీ ఊరికే ఇచ్చే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ని ఆమే దాంట్లో ఎక్కించింది. అప్పట్నుంచి ఆ చవక పెట్టె ఖరీదైనవి చేసే పనులన్నీ చేస్తోంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆమెకి, కొన్న చీర మడతలో ఇంకో చీర దొరికినంత సంబరం. కొత్త కోడలితో పాటు వచ్చిన సామాను ప్రతిదానికీ అచ్చమ్మ గుమ్మంలోనే హారతి ఇచ్చింది. ఫిబ్రవరిలో రోజూ రాత్రి ఎనిమిదింటికి ఊరితో పాటు సైన్యం మీద నిరసనగా మోగించి మోగించి సొట్టలు పడిన ఇత్తడి పళ్లెంలోనే ఇచ్చింది. రౌటరుకి గంధం, దాని మీద కుంకుమ కూడా పెట్టింది.

మధ్యాహ్నానికల్లా వైరు సిద్ధమైంది. ముప్పై మీటర్ల చుట్ట, పెళ్లికి ముందు సూరి లత పేట బజారులో కొన్నది. "మీ వైఫై కొట్టు దాకా రాదు కదా" అని ప్రమోద మాటవరసకి అన్నందుకు, మర్నాడే వెళ్లి తెచ్చాడు. వైరు కొస ఒలిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలు. తెల్లచారల నారింజ, నారింజ, తెల్లచారల ఆకుపచ్చ, నీలం... వాటిని వరసలో సర్ది, కొసలు సమంగా కత్తిరించి, చిన్న గాజుముక్కలాంటి మూతలోకి తోసి ప్లయరుతో నొక్కితే 'టిక్' మంటుంది. ఆ 'టిక్' అంటే ప్రమోదకి ప్రాణం. రెండు కొసలకి రెండు టిక్కులు. మూడోది కూడా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

వైరు దించడానికి తాడుండనే ఉంది. ఆ వీధి మేడల్లో ప్రతి బాల్కనీ నుంచీ కిందకి ఒక తాడు వేలాడుతుంది. కింది కొసకి క్లిప్పు, పైన గంట. కూరగాయలు, పేపర్లు, బిల్లులు అన్నీ మెట్లెక్కకుండా ఆ తాడు మీదే వస్తాయి. పది రోజులుగా సూరి అన్నం క్యారేజీ దాని మీదే దిగుతోంది. దగ్గు వస్తోందని సయామా అతన్ని మాట తగ్గించమంది కాబట్టి, మొగుడూ పెళ్లాలు గంటతో ఒక భాష కట్టుకున్నారు. ఒకటి మోగితే క్యారేజీ, రెండు మోగితే ఫోనెత్తు, మూడు మోగితే ఏమీ లేదు, ఊరికే. రోజు మొత్తంలో ఎక్కువసార్లు మోగేది మూడే. అచ్చమ్మకి కూడా ఆ భాష వచ్చేసింది. "మూడు కొట్టేడు, ఎల్లు" అనేది బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా.

వాన కొంచెం తెరిపిచ్చిన వేళ, ప్రమోద వైరు కొసని క్లిప్పుకి తగిలించి దించింది. కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ సూరి దాన్ని అందుకున్నాడు. మాస్కు మీద రెండు కళ్లే కనబడుతున్నాయి. చిక్కిపోయాడు. వైరు కొసని రెండు చేతులా పట్టుకుని, పూలదండ అందుకున్నవాడిలా తల వంచి తీసుకున్నాడు. పైనుంచి ప్రమోద గట్టిగా నవ్వబోయి, వీధి చివర కాపలా ఉన్న సిపాయిల బండి గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది.

వెంటనే రెండు గంటలు మోగాయి. ఫోను.

"వైరు కొట్టు ల్యాప్‌టాప్‌కి పెట్టేను. ఇప్పుడేటి సెయ్యాల?"

"ఏమీ వద్దు బావా. నేను పైన పనయ్యాక ఫోన్ చేస్తాను. అప్పుడు నేను మెసేజ్ పెట్టిన అడ్రసు కొట్టు. రౌటరు సెట్టింగుల పేజీ అది. అది తెరుచుకోకూడదు. నెట్టు రావాల, ఆ పేజీ రాకూడదు. అప్పుడు మనం గెలిచినట్టు."

"రాకపోతే గెలిచినట్టా? మనకి సరిపడ్డ ఆటే ఇది" అన్నాడు సూరి. దగ్గు రాలేదు. ఆ మాట మొత్తం దగ్గు లేకుండా అన్నాడని ఫోను పెట్టేశాక ప్రమోదకి తట్టింది. ఒంటరిగానే చప్పట్లు కొట్టుకుంది.

రౌటరు వెనక వరసగా నాలుగు పసుపుపచ్చ రంధ్రాలు, వాటి కింద అచ్చుపోసిన అంకెలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తన ల్యాప్‌టాప్ వైరు ఒకటిలో ఉంది. సూరి వైరుని నాలుగులో పెట్టింది. తర్వాత సెట్టింగుల పేజీ తెరిచి, ముందు వైఫైని పొరుగువాళ్ల గదిగా మార్చింది. ఆ గదిలోంచి నెట్టుకి దారి ఉంటుంది, ఇంట్లోకి దారి ఉండదు, సెట్టింగుల పేజీకి అసలే ఉండదు. ఆ పని ఒక్క పట్టున అయింది. ఏడిళ్లలో ఎవరికీ తెలియను కూడా లేదు. పైఅంతస్తులోంచి వస్తున్న పాట ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంది, అంతే.

ఇక రెండో గోడ. వీల్యాన్‌ల పట్టికలో కొత్త వరస చేర్చి, దానికి మూడు అని నంబరిచ్చింది. నాలుగో రంధ్రాన్ని పాత వరసలోంచి తీసి ఈ కొత్త వరసలో పెట్టింది. ఈ గదికీ నెట్టుకి దారి ఇచ్చి, మిగతా తలుపులన్నీ మూసింది. వరసలన్నీ రెండుసార్లు సరిచూసుకుని, వర్తించమని నొక్కింది.

పేజీలో చిన్న చక్రం తిరగడం మొదలైంది. తిరిగి తిరిగి, ఒకటిన్నర నిమిషం తర్వాత, 'మీతో సంబంధం తెగిపోయింది, అందుకని పాత పద్ధతికి వెళ్లిపోయాను' అని రౌటరు మర్యాదగా చెప్పింది. ఆ ఫర్మ్‌వేర్‌లో ఉన్న మంచి గుణం అది. మనిషి తనని తాను బయట పెట్టి తలుపు వేసుకుంటే, కాసేపు చూసి తలుపు తీస్తుంది. ప్రమోద మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట. లైను నెమ్మదిగా ఉండి ఇలా అవుతోందేమో అనుకుంది. గడియారం మూడున్నర చూపిస్తోంది. చక్రం కింద ఇంకో బొత్తాం ఉంది. 'ఏమైనా సరే వర్తించు' అని. మామూలు రోజుల్లో ఆమె ఆ బొత్తాం జోలికి పోదు. ఇవాళ నొక్కేసింది.

అంతే. ల్యాప్‌టాప్‌లో నెట్టు లేదు, పేజీ లేదు. ఫోనులో చూసింది. వైఫై మీద నెట్టు వస్తోంది గాని, సెట్టింగుల పేజీ రానివ్వనంది. రానివ్వకుండా గంట క్రితం గడియ పెట్టింది తనే కదా!

ఇక మిగిలింది ఒక్కటే దారి. రౌటరు వెనక సూది మొనంత రంధ్రం ఉంటుంది. దాంట్లో సన్నటి పుల్ల పెట్టి నొక్కి పట్టుకుంటే, పెట్టె అన్నీ మరిచిపోయి కొత్తగా పుట్టినట్టు లేస్తుంది. మళ్లీ మొదట్నుంచి కట్టుకోవచ్చు. గంటలో అయిపోతుంది. లైను మళ్లీ కలపడానికి కావలసిన కంపెనీవాళ్ల యూజర్ నేమూ పాస్‌వర్డూ రాసిన కాగితం కొట్టు సొరుగులో ఉండనే ఉంది. ప్రమోద మెళ్లో పసుపుతాడుకి ఉన్న పిన్నీసు తీసి, రౌటరు తిప్పి చూసింది.

రంధ్రం లేదు. దాని చోట గంధం ముద్ద, మధ్యలో కుంకుమ బొట్టు. నలభై రోజుల్లో రాయిలా గట్టిపడింది.

"అత్తా! ఇక్కడ బొట్టెట్టేవేటి?"

"మరెక్కడెట్టాలే? పైనేమో అన్నీ సిల్లులు. ఎనకాల సూస్తే సక్కగా బొట్టెట్టుకోడానికే అన్నట్టు సిన్న గుంటుంది."

ప్రమోద పిన్నీసు మొనతో గీకడం మొదలెట్టింది. అచ్చమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇయాల మంగలారం! మంగలారం పూట కుంకం గీకీసే ఆడది ఉంతాదేటే ఎక్కడైనా? అందులోకి కింద మొగుడ్ని ఎట్టుకుని!"

"అత్తా, ఇది తీయకపోతే ఆ మొగుణ్ని సయామా చూడదు. నాలుగవుతోంది!"

"నువ్వు సెప్పింది నాకు తెలీదనుకోకు. తడి గుడ్డెట్టి మెత్తబరిసి, దండమెట్టి తీద్దాం. గీకడం మాత్రం నానొప్పను."

వంటింట్లోకి వెళ్లి గుడ్డ తడిపి తెచ్చింది. ఆ గుడ్డని ఆమె రౌటరు మీద కాక ముందు తన కళ్లకి అద్దుకుంది. ప్రమోద చేతిలో పిన్నీసు, అత్తగారి చేతిలో తడి గుడ్డ, మధ్యలో అరచేతి పెట్టె. గంధం మెత్తబడటానికి ఎంతసేపు పడుతుందో ఏ యూనివర్సిటీలోనూ చెప్పలేదు.

గంట మోగింది. ఒకటి, రెండు.

ప్రమోద పిన్నీసు వదలకుండానే ఫోనెత్తింది. "ఇంకా అవలేదు బావా, కొంచెం..."

"నాకు తెలుసు అవలేదని" అన్నాడు సూరి, తప్పు చేసినవాడిలా. "నువ్వు ఫోన్ చేసేదాకా ఆగమన్నావు గానీ, ఆగలేక నువ్వు పంపిన అడ్రసు కొట్టేను. ఆ పేజీ వచ్చీసింది. పాస్‌వర్డ్ అడుగుతోంది. మనం ఓడిపోయినట్టేనా?"

"ఏ పేజీ?"

"అదే, రాకూడదన్న పేజీ."

ప్రమోద పిన్నీసుని గాల్లోనే ఆపేసింది. సూరి వైరు నాలుగులో ఉంది. నాలుగుకి ఆ పేజీ రాకూడదు, వచ్చింది. తనది ఒకటి. ఒకటికి రావాలి, రాలేదు. ఆమె పెదాలు కదిలాయి, వేళ్ల మీద ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి లెక్కపెట్టింది. పెట్టె మీద అంకెలు వేసినవాళ్లు ఎడమ నుంచి వేశారు. లోపల పలక మీద తీగలు పోసినవాళ్లు కుడి నుంచి పోశారు. ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు పలకని నమ్మారు, తను పెట్టె మీది అంకెల్ని నమ్మింది. లోపల నాలుగంటే బయట ఒకటి! మడి గదిలో చిక్కుకున్నది తన ల్యాప్‌టాపే. అక్కడ కూర్చుని, పాత గది చిరునామా పట్టుకుని తలుపు తడుతోంది. రౌటరు పాపం రెండుసార్లు చెప్పింది కూడా.

"బావా, ఫోను పెట్టీకు!"

రెండు వైర్లూ లాగి, అటుది ఇటూ ఇటుది అటూ పెట్టింది. రెండు చిన్న టిక్కులు. ల్యాప్‌టాప్ ఒక్క నిట్టూర్పు విడిచినట్టు పేజీ తెరిచింది.

"ఇప్పుడు చూడు బావా."

"నెట్టు వస్తోంది... పేజీ మాత్రం..." అవతల కీబోర్డు టకటకలాడింది. "రావట్లేదు పెమో. ఎంత కొట్టినా రావట్లేదు."

"రావట్లేదా? నిజంగానా? ఇంకోసారి చెప్పు!"

"రా-వ-ట్లే-దు."

ఆ నాలుగు అక్షరాలంత తియ్యటి మాట ఆమె పెళ్లిలో కూడా వినలేదు. అచ్చమ్మ చేతిలోని తడి గుడ్డ లాక్కుని, దాంతోనే మొహం తుడుచుకుంది.

నాలుగుంబావు. ఇక ముప్పావుగంట నిక్షేపంగా ఉంది. గుండె కుదుటపడ్డాక ఆమెకి జాగ్రత్త గుర్తొచ్చింది. ఇలాంటి గండం మళ్లీ వస్తే ఉపయోగపడుతుందని, ఆ యూజర్ నేమ్ కాగితాన్ని రౌటరు అడుగున అంటిద్దామనుకుంది.

"అత్తా, కొట్టు సొరుగులో కంపెనీవాళ్ల కాగితం ఉండాలి. నీలం రంగుది, గట్టిగా ఉంతాది. బావని తాడుకి తగిలించమంతాను."

అచ్చమ్మ గుడ్డ పిండటం ఆపింది. "నీలం కాయితమా? సేత్తో ఏటో గిలికిందా?"

"అదే."

"అది గట్టిగా బాగుంది కదాని... లోకనాథంగారి ఇంటికి మెంతులు పొట్లం కట్టి ఇచ్చీసేను. లాక్‌డౌనుకి ముందు."

ప్రమోద రౌటరు వైపు చూసింది. ఆ గంధం ముద్ద లేకపోయి ఉంటే, తన పిన్నీసు ఆ రంధ్రంలో దిగి ఉంటే, పెట్టె అన్నీ మరిచిపోయి ఉండేది. యూజర్ నేమూ పాస్‌వర్డూ మెంతులతో పాటు ఎవరింటి చెత్తబుట్టలోనో ఉన్నాయి. కంపెనీ ఆఫీసు మూసేసి నెలైంది. ఈ మేడలో ఏడిళ్లకీ, వీళ్లకీ, సూరికీ కూడా లైను ఉండేది కాదు.

ఆమె అత్తగారి రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టేసింది.

"ఓసి నీ... ఏటే ఇది! పొట్లం కట్టీసేనని సెప్తే ముద్దెట్టుకుంతాది!"

"పొట్లానికి కాదత్తా. బొట్టుకి."

ముందు రౌటరులోని సెట్టింగులన్నిటికీ ఒక నకలు తీసి మూడు చోట్ల దాచింది. కుంకుమ కొంచెం చెదిరిన చోట అచ్చమ్మ మళ్లీ ఒక చుక్క దిద్దింది. ఈసారి ప్రమోద ఎక్కడ పెట్టాలో చూపించబోయి, ఊరుకుంది. అదే చోట పెట్టనిచ్చింది.

ఐదైంది. ఇక చేసేదేమీ లేదు. తనే కట్టిన గోడ కాబట్టి, ఆ గదిలో ఏం జరుగుతోందో చూడటానికి తనకే దారి లేదు. బాల్కనీలో తాడు పక్కన పీట వేసుకుని కూర్చుంది. వాన సన్నగా పడుతోంది. వైరు, వాననీటి గొట్టం పక్కనుంచి తడుస్తూ కిందికి దిగి, కొట్టు రేకుల కింద మాయమైంది. ఐదూ ఐదు. ఐదూ పది. కాకి ఒకటి వైరు మీద వాలబోయి, దాని సన్నదనం చూసి మనసు మార్చుకుంది. అచ్చమ్మ లోపల రౌటరు ఎదుట, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చుని, అయిదు నిమిషాలకోసారి "మోగిందా?" అంటోంది.

ఐదూ పద్దెనిమిదికి మోగింది. రెండు.

ఫోను గోడమీద పెట్టి స్పీకరు నొక్కింది.

"పెమో! చూసింది. బాగా చూసింది. చొక్కా ఎత్తమంది, నడవమంది. ఒకే ఊపిరిలో ఇరవై దాకా లెక్కెట్టమంది. బర్మాలో లెక్కెడితే పద్దెనిమిదికి ఆగిపోయేను. అప్పుడు సయామా నవ్వి, మీ ఇంట్లో మాటాడుకునే భాషలో లెక్కెట్టు అంది. ఇరవైనాలుగు దాకా ఎల్లిపోయేను!"

"తర్వాత?"

"తర్వాతేటి, అయిపోయింది. ఊపిరితిత్తులు బాగున్నాయి. రేపట్నుంచి బయటికి రావచ్చంది. గది కడిగి, స్నానం చేసి, రేపే రావచ్చు."

ప్రమోద అలాగే తాడు పట్టుకుని నిలబడిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకీ తెలీలేదు. అవతల సూరికి గంట దానంతటదే మోగుతున్న చప్పుడు వినిపించి ఉండాలి.

"ఏయ్, ఉన్నావా? ఈ లైను ఎవరు కట్టేరని అడిగింది. మా ఆవిడ అన్నాను."

"ఏమన్నావూ?"

"మా ఆవిడ అన్నాను. ఏం, తప్పా?"

"తప్పేమీ లేదు. ఇంకోసారి అను."

"మా ఆవిడ. మా ఆవిడ. పెమో, రేపు నేను పైకొచ్చేక రెండు రోజులు నిన్ను మన గదిలోంచి..."

"స్పీకర్లో ఉన్నావు బావా!"

అవతల గభాలున ఫోను కట్టయింది. ఇవతల అచ్చమ్మ గుమ్మంలో నిలబడి, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఏమీ విననట్టు ఆకాశం వైపు చూస్తోంది. కాని కాసేపటికి ఆమె మొహంలో ఇంకేదో తిరిగింది. వేళ్ల కణుపుల మీద తిథులు లెక్కపెట్టుకుని, నెమ్మదిగా అంది:

"అది సరే గానీ అమ్మీ... ఇది ఆసాడం కదే."

ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి. దార్లన్నీ మూసేసి ఉంటే ఇన్సేన్ దాకా ఎలా వెళ్తుంది? ఈలోగా సూరికి జ్వరం రావడంతో ఆ మాట ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. ఇప్పుడు శ్రావణం దాకా ఇంకా పద్దెనిమిది రోజులుంది. కింద ఇంకో పద్దెనిమిది రోజులా? చింతపండు బుట్టల మధ్య?

"అత్తా..." అంటూ ప్రమోద కిందకి చూసింది.

అచ్చమ్మ బాల్కనీలోకి వచ్చి, కిందకి తొంగి కొట్టు రేకులు చూసింది. తర్వాత కోడల్ని చూసింది. పది రోజుల్లో ఆ పిల్ల జాకెట్టు ఎంత వదులైందో అప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"పెద్దోలన్నది ఏటి? అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదన్నారు. అవునా? మొగుడూ పెల్లాల మాట కొందరంతారు, కొందరనరు. అనీవోల్లు మనకి సుట్టాలు కారు." గొంతు సవరించుకుని, కొట్టులో బేరం ఖాయం చేసే గొంతుతో తేల్చేసింది. "రేపు పొద్దున్న సూరిగాడు ఆ గది బ్లీచింగెట్టి కడుగుతాడు. మద్దేన్నం ఆడు పైకెక్కుతాడు, నాను కిందకి దిగుతాను. సావనం వచ్చీదాకా కొట్టే నా ఇల్లు. ఆ వైరలాగే ఉండనీ, విశాపట్నంలో మా తాయారమ్మతో రోజూ మాటాడుకుంతాను, నీ మీద సాడీలు సెప్పుకోవాల. అన్నం మాత్రం ఆ తాడు మీద ఏలకి దించు."